బాలింతను అడగని పది ప్రశ్నలు

వరంగల్‌లో బాలింతకు జరిగే సేవలో లోటు వెతకడం కష్టం. తల్లిగారింట్లో మంచం పక్కన సాంబ్రాణి పొగ (పసిగుడ్డు ఊపిరికి అది మంచిది కాదు, ఆ సంగతి మరోసారి), చెవుల్లో దూది, తలకు గుడ్డ, వెల్లుల్లి కారంతో పత్యం. 21వ రోజు తొట్టెల. ఏం తినాలో, ఎప్పుడు తలకు పోసుకోవాలో చెప్పేవాళ్లు ఇంటినిండా ఉంటారు. "ఎట్లున్నవ్ బిడ్డా?" అని అడిగినా, ఆ అడగడం కుట్ల గురించి, పాల గురించే. "బుగులైతాంది, నిద్ర పడతలేదు" అని ఆ పిల్ల నోరు తెరిస్తే, "కొత్తల గట్లనే ఉంటది, రంది పెట్టుకోకు, పాలెండిపోతయ్" అంటారు. అప్పటినుంచి ఆమెకు పాల గురించి కూడా బుగులే.

పెద్దవాళ్ల మాటలో సగం నిజముంది. కాన్పయిన మూడో రోజుకో నాలుగో రోజుకో ఊరికే ఏడుపు రావడం సగానికి పైగా తల్లులకు ఉంటుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకుండా ముదిరేదే ప్రసవానంతర కుంగుబాటు. బిడ్డ నిద్రపోయి, పక్కన చూసుకునేవాళ్లున్నా తల్లికి కన్ను మూతపడకపోవడం దాని గుర్తుల్లో ఒకటి. బిడ్డను ఎత్తుకున్నా ఏమీ అనిపించకపోవడం ఇంకొకటి. ఈ రెండోది ఏ తల్లీ తనంతట తాను బయటపెట్టదు. నేనెంత పాపిష్టిదాన్నో అని లోపలే కుమిలిపోతుంది.

పాపం కాదనడానికి ఒక గట్టి ప్రయోగం ఉంది. గర్భంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు ఎన్నో రెట్లు పెరుగుతాయి. మాయ పడిపోగానే వాటిని తయారుచేసే చోటే పోతుంది కనుక కొద్ది రోజుల్లోనే రెండూ అడుగంటుతాయి. అమెరికా శాస్త్రవేత్తలు ఈ ఎగుడుదిగుడును గర్భం లేని 16 మంది స్త్రీలలో మందులతో కల్పించి చూసి, 2000లో ఫలితం ప్రచురించారు. గతంలో కాన్పు తర్వాత కుంగుబాటు వచ్చిన 8 మందిలో ఐదుగురికి మనసు మళ్లీ చెడింది. ఆ చరిత్ర లేని 8 మందిలో ఒక్కరికీ ఏమీ కాలేదు. హార్మోన్లు అందరిలోనూ పడిపోతాయి, ఆ పడిపోవడాన్ని కొందరి మెదడు తట్టుకోలేదు. అప్పుడు కాన్పు లేదు, ఒళ్లో పసిగుడ్డు లేదు, అయినా మనసు చెడింది. దీన్ని ఇక "మనసు గట్టిగా లేకపోవడం" అనడం అన్యాయం.

అలాగని అంతా హార్మోన్లదే అంటే ఇంటివాళ్లు తప్పించుకున్నట్లే. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో లెక్కగడితే, వందలో 22 మంది తల్లులకు ఈ కుంగుబాటు లక్షణాలు తేలాయి. దక్షిణాదిన 26. కారణాల్లో డబ్బు ఇబ్బంది, భర్త చేయిచేసుకోవడం, భర్త తోడు లేకపోవడం, ఆడపిల్ల పుట్టడం కనబడ్డాయి. ఆ ఏడాదే జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం కాన్పుకు 12,000 రూపాయలు, ఆడపిల్లయితే 13,000 ఇచ్చింది. ఆ అదనపు వెయ్యి ఎందుకో చెప్పనక్కర్లేదు. దీనికితోడు, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు కోతతోనే జరిగాయి, 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి పైగా రక్తహీనులు. నీరసాన్నంతా మనసు మీదికి నెట్టకుండా రక్తం, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించాలి.

కనిపెట్టడం ఎలా? ఎడిన్‌బరోలో 1987లో తయారైన పది ప్రశ్నల పట్టిక ఉంది. గత ఏడు రోజుల్లో నవ్వు వచ్చే సంగతికి నవ్వగలిగిందా, కారణం లేకుండా భయపడిందా వంటివి. ఐదు నిమిషాల పని. మొత్తం 30 మార్కులు. సాధారణంగా 13 లేదా అంతకు మించి వస్తే డాక్టరు చూడాలి. తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన గురించిన పదో ప్రశ్నకు అవునంటే, మిగతా మార్కులతో పనిలేదు, ఆ రోజే చూడాలి.

అడిగే మనిషి కూడా ఉంది. ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన తల్లి దగ్గరికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు వచ్చి బిడ్డ బరువు తూచి, ఒళ్లు వేడి చూసి, రాసుకుని వెళ్తుంది. అదే కాగితంలో ఈ పది ప్రశ్నలు చేరిస్తే ఖర్చేముంది? పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో ఇలాంటి కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, కుంగుబాటులో ఉన్న తల్లులతో మాట్లాడించారు. బిడ్డకు ఆరో నెల వచ్చేసరికి మామూలు సందర్శనలు జరిగిన ఊళ్లలో 53 శాతం మంది ఇంకా కుంగుబాటులోనే ఉంటే, ఇలా మాట్లాడించిన ఊళ్లలో 23 శాతమే మిగిలారు. ఆ ఫలితం 2008లోనే వచ్చింది. మనం ఇంకా బరువే తూస్తున్నాం.

అత్తగారింటికి చేరాక మూడో నెలలోనో ఐదో నెలలోనో కుంగుబాటు బయటపడే తల్లులూ ఉంటారు. టీకాలకు వచ్చినప్పుడు వాళ్లనూ అడగాలి. పాలిస్తూనే వేసుకోదగిన మందులున్నాయి, డాక్టరు చూసి రాస్తారు. తల్లికి లేనివి వినబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా గాలి సోకిందని తాయెత్తు కట్టించి రోజులు పోగొట్టకండి. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింట వచ్చే ఈ స్థితి తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకం కావచ్చు. వరంగల్ సీకేఎం ఆసుపత్రిలో కాన్పయినా, హన్మకొండ ప్రసూతి ఆసుపత్రిలో అయినా, వెంటనే ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లండి. అంత తీవ్రం కాకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబర్‌లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్, పగలూ రాత్రీ ఉచితం. ఇంట్లో బాలింత ఉంటే ఈ నెంబరు ముందుగా భర్త తన ఫోన్‌లో వేసుకోవాలి.