వీడియో డోర్‌బెల్: పాస్‌వర్డ్ ఎవరికీ వద్దు, పొరుగింటికి క్లిప్ చాలు

పొద్దున ఆరింటికి మెహిదీపట్నంలో ఒక ఫ్లాట్ ముందు పాలవాడు బెల్ కొడతాడు. అప్పుడు రియాద్‌లో తెల్లవారుజాము మూడున్నర. అక్కడ నిద్రపోతున్న కొడుకు ఫోన్ మోగుతుంది. ఇంట్లో ఉన్న అమ్మీకి బెల్ చప్పుడు వినపడుతుంది కానీ బయట ఎవరున్నారో కనపడదు. యాప్ కొడుకు ఫోన్‌లోనే ఉంది మరి. అతను నిద్రకళ్లతో చూసి, ఫోన్ చేసి, "పాలవాడే అమ్మీ, తలుపు తియ్యి" అని చెప్పాలి.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే గానీ, గల్ఫ్‌లోనో అమెరికాలోనో పిల్లలున్న ఇళ్లకు ఇదేమీ కొత్త సంగతి కాదు. సెలవుకు వచ్చినప్పుడు కొడుకు డోర్‌బెల్ కొని, తన ఫోన్‌తో సెటప్ చేసి, తిరిగి వెళ్లిపోతాడు. కొన్నది ఇంట్లో వాళ్ల భద్రత కోసం. ఇంట్లో వాళ్లకే అది పనికి రాదు. ఆ తర్వాత చెల్లెలు అడుగుతుంది, పక్కింటి ఖాలా అడుగుతుంది, వాచ్‌మన్ కూడా అడుగుతాడు. "ఆ యాప్ పాస్‌వర్డ్ ఇవ్వరాదూ, మేమూ చూస్తాం" అని. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

బెల్ వెనకాల జరిగేది ఇదీ

తలుపు పక్కన బిగించిన ఆ చిన్న డబ్బాలో కెమెరా, మైకు, స్పీకరు, మనిషి కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటాయి. ఎవరైనా దగ్గరికి వచ్చినా, బటన్ నొక్కినా అది ఇంటి వైఫై ద్వారా కంపెనీ సర్వర్‌కు కబురు పంపుతుంది. సర్వర్ నుంచి ఫోన్‌కు నోటిఫికేషన్ వస్తుంది. రికార్డయిన వీడియో కొన్నింటిలో కంపెనీ క్లౌడ్‌లో, కొన్నింటిలో లోపల పెట్టిన మెమరీ కార్డులో నిలవ ఉంటుంది.

మొదటిసారి సెటప్ చేసినప్పుడు ఏ అకౌంట్ వాడితే ఆ అకౌంటే సాధారణంగా దానికి యజమాని. బిల్లు ఎవరు కట్టారు, ఇల్లు ఎవరి పేరు మీద ఉంది అన్నది యంత్రానికి అక్కర్లేదు. సెట్టింగులు మార్చాలన్నా, ఇంకొకరిని చేర్చాలన్నా, తీసేయాలన్నా యజమాని అకౌంట్‌కే సాధ్యం. మిగతావాళ్లను యజమాని పిలిస్తే లోపలికి వస్తారు, పొమ్మంటే పోతారు. అందుకే ఈ పెత్తనం ఎవరి చేతిలో ఉందన్నది ముందు తేల్చుకోవాలి.

పాస్‌వర్డ్ ఇస్తే ఇల్లు ఇచ్చినట్టే

చాలామంది చేసే పని ఒకే అకౌంట్, ఒకే పాస్‌వర్డ్‌తో నాలుగు ఫోన్లలో లాగిన్ కావడం. తేలిక పనే. కానీ అప్పుడు ఆ నలుగురూ యజమానులే అవుతారు. చిన్నపిల్లాడు ఆడుకుంటూ వీడియోలన్నీ తుడిచేయొచ్చు. కోపం వచ్చిన బంధువు పాస్‌వర్డ్ మార్చేసి మిగతావాళ్లను బయట నిలబెట్టొచ్చు. ఎవరు ఎప్పుడు చూశారో తేలదు.

ఒకరిని తీసేయాల్సి వచ్చినప్పుడు ఇంకా ఇబ్బంది. 2018లో అమెరికాలోని మయామీలో ఇలాంటిదే బయటపడింది. ఒక వ్యక్తి తన స్నేహబంధం తెగిపోయాక రింగ్ డోర్‌బెల్ పాస్‌వర్డ్ మార్చేశాడు. అయినా అవతలి వ్యక్తి ఫోన్‌లో యాప్ అలాగే తెరుచుకుని ఉంది, ఇంటి ముందు దృశ్యాలు అలాగే కనపడ్డాయి. పాస్‌వర్డ్ మారినా, అంతకుముందే లాగిన్ అయి ఉన్న ఫోన్లు వెంటనే బయటికి పోలేదన్నమాట. ఆ లోపం వార్తల్లోకి ఎక్కాక కంపెనీ సరిచేయాల్సి వచ్చింది. ఇప్పటికీ ఏ యాప్‌లోనైనా పాస్‌వర్డ్ మార్చినప్పుడు "అన్ని ఫోన్ల నుంచి లాగౌట్" అనేది విడిగా నొక్కడం మంచిది.

దీనికి బదులు వాడాల్సింది యాప్‌లోనే ఉన్న షేరింగ్ ఏర్పాటు. పేర్లు వేరు వేరు. రింగ్‌లో "షేర్డ్ యూజర్" అంటారు. టపో యాప్‌లో పరికరాన్ని షేర్ చేయొచ్చు. గూగుల్ నెస్ట్‌లో అయితే గూగుల్ హోమ్ యాప్‌లో ఇంటికి సభ్యులను చేర్చాలి. పద్ధతి మాత్రం దాదాపు ఒకటే. చేరాల్సినవాళ్లు తమ ఫోన్‌లో అదే యాప్ వేసుకుని, తమ సొంత ఈమెయిల్‌తోనో నంబర్‌తోనో అకౌంట్ తెరవాలి. యజమాని ఆ ఈమెయిల్‌కు ఆహ్వానం పంపుతాడు. వాళ్లు ఒప్పుకుంటే చేరిపోతారు. యజమాని పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇలా చేరినవాళ్లు మామూలుగా లైవ్ చూడగలరు, బెల్ కొట్టినవాళ్లతో మాట్లాడగలరు. పాత రికార్డింగులు చూడగలరా, డౌన్‌లోడ్ చేయగలరా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఆహ్వానం పంపే ముందు ఆ పేజీని కాస్త ఓపిగ్గా చదవాలి. గూగుల్ హోమ్ విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. అక్కడ చేర్చేది డోర్‌బెల్‌కు కాదు, "ఇంటికి". హాల్లో కెమెరా, స్పీకర్ కూడా అదే ఇంట్లో కలిపి ఉంటే అవీ చేతికి వెళ్లిపోతాయి.

నోటిఫికేషన్లు మాత్రం చాలా యాప్‌లలో ఎవరి ఫోన్‌లో వాళ్లు ఆపుకోవచ్చు. అమ్మీ ఫోన్‌లో ఆన్, రియాద్ ఫోన్‌లో రాత్రిపూట ఆఫ్. పాలవాడి సమస్య అక్కడితో తీరిపోతుంది.

యజమాని అకౌంట్ ఇంట్లోనే ఉండాలి

దీని గురించి సెటప్ చేసేటప్పుడు ఎవరూ ఆలోచించరు, తర్వాత ఏడుస్తారు. సౌదీలో ఉన్న కొడుకు తన సౌదీ నంబర్‌తో అకౌంట్ తెరుస్తాడు. రెండు మూడేళ్లకు ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేస్తాడు. ఆ సిమ్ ఆగిపోతుంది. కొత్త ఫోన్‌లో యాప్ తెరిస్తే ఓటీపీ పాత నంబర్‌కు వెళుతుంది. చేతిలో ఉన్న డోర్‌బెల్, గోడకున్న డోర్‌బెల్, రెండూ తనవే అయినా లోపలికి పోలేడు. చాలా కంపెనీల పరికరాలు రీసెట్ చేసినా పాత అకౌంట్ నుంచి విడిపోవు. బిల్లు పట్టుకుని కస్టమర్ కేర్ చుట్టూ తిరగాలి.

కాబట్టి తలుపు తీసే మనిషి పేరు మీదే అకౌంట్ ఉంటే మేలు. అమ్మకు స్మార్ట్‌ఫోన్ వాడటం అంతగా రాకపోతే, ఇంట్లోనే ఉండే కూతురో కోడలో. విదేశాల్లో ఉన్నవాళ్లు ఆహ్వానం మీద చేరాలి. "నేను కొన్నాను, నా పేరు మీదే ఉండాలి" అనే పట్టింపు ఇక్కడ పనికి రాదు. రికవరీ ఈమెయిల్ ఇంకొకరిది పెట్టుకోవాలి. బిల్లు ఫోటో, పెట్టె మీది సీరియల్ నంబర్ ఫోటో తీసి దాచుకోవాలి.

రెండంచెల లాగిన్ తప్పనిసరిగా ఆన్ చేయాలి. 2019 డిసెంబర్‌లో అమెరికాలో కొందరి ఇళ్లలో కెమెరాల్లోకి బయటివాళ్లు చొరబడి పిల్లలతో మాట్లాడిన ఘటనలు గగ్గోలు పుట్టించాయి. ఆ తర్వాత 2020 ఫిబ్రవరిలో రింగ్ కంపెనీ దీన్ని అందరికీ తప్పనిసరి చేసింది. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తాళం చెవి కంపెనీ దగ్గర కూడా ఉంటుంది. కస్టమర్ల వీడియోలను ఉద్యోగులు చూసే వీలు కల్పించిందన్న ఆరోపణ మీద 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంటే, రింగ్ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ఇంట్లో వాళ్లను అడిగారా?

కుటుంబంతో పంచుకోవడం అంటే అందరికీ మంచిదేననుకుంటారు. అక్కడే కొంచెం ఆగాలి. తలుపు దగ్గరి కెమెరా దొంగను ఎంత బాగా చూపిస్తుందో, కోడలు ఎన్ని గంటలకు బయటికి వెళ్లింది, ఎప్పుడు వచ్చింది, ఎవరితో వచ్చింది అన్నదీ అంతే బాగా చూపిస్తుంది. వేల మైళ్ల దూరంలో ఉన్న భర్త, వేరే ఊర్లో ఉన్న ఆడపడుచు ఆ రికార్డింగులు రోజూ తిరగేస్తుంటే అది భద్రత కాదు, కాపలా. గుమ్మం దగ్గర నిలబడి పక్కింటావిడతో చెప్పుకున్న కష్టం కూడా మైకులో రికార్డవుతుంది. పర్దా పాటించే ఇళ్లలో ఇంకో ఇబ్బంది. తలుపు తీసినప్పుడు కెమెరాకు ఏం కనపడుతుంది, ఆ దృశ్యం ఎవరెవరి ఫోన్లకు పోతుంది అన్నది ఇంట్లో ఆడవాళ్లకు ముందే తెలియాలి.

కోర్టులు కూడా ఈ మాటే అన్నాయి. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల తగాదాలో, కలిసి ఉంటున్న మనిషి ఒప్పుకోకుండా నివాస భాగంలో సీసీ కెమెరాలు నడపడం అతని గోప్యతకు భంగమేనని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పింది. అందులో జోక్యం చేసుకోవడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులోనే తేల్చింది. ఇంట్లో ఉండేవాళ్లకు ఆ హక్కు గుమ్మం దగ్గర ఆగిపోదు.

లిస్టులో ఎవరెవరున్నారో ఇంట్లో అందరికీ తెలిసేలా ఉంచితే సగం గొడవలు ఉండవు.

పక్కింటికి ఎంత?

పక్కింటివాళ్లు అడగడంలో తప్పు లేదు. హజ్‌కో ఉమ్రాకో, పెళ్లికో ఊరెళ్లినప్పుడు ఇల్లు చూసుకునేది వాళ్లే. అలాంటప్పుడు ఆ కొన్ని రోజులకు వాళ్లను షేర్డ్ యూజర్‌గా చేర్చి, తిరిగొచ్చిన రోజే తీసేయొచ్చు. తీసేసేటప్పుడు "ఇక మేమొచ్చేశాం ఖాలా, యాప్‌లోంచి తీసేస్తున్నాం" అని ఒక మాట చెబితే ఎవరూ నొచ్చుకోరు. చెప్పకుండా తీసేస్తేనే మనసులో ఉండిపోతుంది.

మామూలు రోజుల్లో లైవ్ ఇవ్వాల్సిన అవసరం లేదు. వాళ్ల బండి పోయిందనో, పార్సిల్ మాయమైందనో అడిగితే ఆ పది నిమిషాల క్లిప్ తీసి ఇస్తే సరిపోతుంది.

అపార్ట్‌మెంట్ కారిడార్‌లో అయితే ఎదురింటి తలుపు నేరుగా కెమెరాకు ఎదురుగా ఉంటుంది. వాళ్లు తలుపు తీసిన ప్రతిసారీ హాలు కనపడుతుంది. చాలా యాప్‌లలో ఆ భాగాన్ని నల్లగా కప్పేసే ప్రైవసీ జోన్ ఉంటుంది. దానికీ మోషన్ జోన్‌కూ తేడా ఉంది. మోషన్ జోన్ అలర్ట్‌లను తగ్గిస్తుందే గానీ దృశ్యాన్ని కప్పదు. చాలామంది మోషన్ జోన్ గీసి, ఎదురింటివాళ్లకు "మీ తలుపు రాదు లెండి" అని చెబుతారు. వస్తుంది.

ఇంగ్లండ్‌లో 2021 అక్టోబర్‌లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఇలాంటి కేసులోనే, డోర్‌బెల్, కెమెరాలు పెట్టిన వ్యక్తి పక్కింటావిడ విషయంలో అక్కడి డేటా రక్షణ చట్టాన్ని ఉల్లంఘించాడని తీర్పు చెప్పింది. వీడియో కన్నా దూరం నుంచి కూడా మాటలు పట్టేసే ఆడియో ఇంకా పెద్ద సమస్య అని జడ్జి అన్నారు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సొంత అవసరానికో ఇంటి అవసరానికో మనిషి వాడుకునే డేటాకు వర్తించదు. అలాగని ఎదురింటి మాటలన్నీ రికార్డు చేసుకోవచ్చని కాదు కదా. ఆడియో రికార్డింగ్ ఆపే వీలుంటే ఆపేయడమే మర్యాద. ఎదురింటివాళ్లను పిలిచి, ఫోన్‌లో ఏం కనపడుతుందో ఒకసారి చూపించడం అంతకన్నా పెద్ద మర్యాద.

వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు

డోర్‌బెల్ క్లిప్‌కు అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు కాలనీ వాట్సాప్ గ్రూపు. రంజాన్‌లో జకాత్, ఫిత్రా కోసం ఎక్కడెక్కడి నుంచో పేదలు గుమ్మాలకు వస్తారు. తెలియని ముఖం, చేతిలో సంచి, చంకలో పిల్ల. కెమెరాలో వంకరగా, చీకటిగా కనపడిన ఆ మనిషి ఫోటో కింద ఎవరో "జాగ్రత్త, పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు" అని రాస్తారు. గంటలో అది ఇరవై గ్రూపులు దాటుతుంది.

ఇది భయపెట్టడానికి చెప్పేది కాదు. 2018 మే నెలలో రంజాన్ రోజుల్లోనే, పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్ల మధ్య హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అప్పుడు డోర్‌బెల్ కెమెరాలు ఇంత లేవు. ఇప్పుడు ప్రతి గుమ్మం నుంచీ పుకారుకు ఫోటో దొరుకుతుంది.

నిజంగా అనుమానం ఉంటే 100కో 112కో ఫోన్ చేసి, క్లిప్ పోలీసులకు ఇవ్వాలి. తేదీ, టైము కనపడేలా అసలు ఫైలు ఇవ్వాలి, స్క్రీన్ మీంచి మరో ఫోన్‌తో తీసింది కాదు. లైవ్ యాక్సెస్, పాస్‌వర్డ్ ఎవరు అడిగినా ఇవ్వక్కర్లేదు. కేసుకు కావాల్సింది ఆ ఘటన తాలూకు రికార్డింగే. అది క్లౌడ్ ప్లాన్ గడువు దాటాక చెరిగిపోతుంది, మెమరీ కార్డయితే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. అందుకే ఏదైనా జరిగిన రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు

అద్దె ఇల్లు మారేవాళ్లు స్క్రూలు విప్పి డోర్‌బెల్ పట్టుకెళతారు, లేదా ఓనర్‌కే అమ్మేస్తారు. అమ్మితే యాప్‌లో "రిమూవ్ డివైస్" నొక్కి అకౌంట్ నుంచి విడిపించాకే అప్పగించాలి. లేకపోతే కొత్తగా వచ్చినవాళ్ల గుమ్మం పాతవాళ్ల ఫోన్‌లో కనపడే ప్రమాదం ఉంది, లేదా వాళ్లకు అది ఎప్పటికీ సెటప్ కాదు. మెమరీ కార్డు తీసేసుకోవాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందే, అమ్మేవాడు పక్కన ఉండగానే, తమ ఫోన్‌తో సెటప్ చేసి చూసుకోవాలి.

వైఫై పాస్‌వర్డ్ మార్చినా సరిపోతుందని కొందరు అనుకుంటారు. దానివల్ల డోర్‌బెల్ ఆఫ్‌లైన్ అవుతుంది, అంతే. పాత వీడియోలు క్లౌడ్‌లో ఉంటే, లిస్టులో ఉన్నవాళ్లందరికీ అవి అలాగే కనపడుతుంటాయి. లిస్టు తెరిచి, ఒక్కొక్క పేరూ చూసి తీసేయాల్సిందే. ఆ లిస్టు చివరిసారి ఎప్పుడు చూశారని అడిగితే చాలా ఇళ్లలో జవాబు రాదు.