మీకు తెలుసా? 35 వేలుంటే కోటీశ్వరులే!

సుమారు 35 వేల రూపాయలు మార్చుకుంటే వియత్నాంలో మీరు కోటీశ్వరులు! అక్కడి కరెన్సీ డాంగ్. మన రూపాయికి 300 డాంగ్‌ల దాకా వస్తాయి.

అక్కడ అన్నింటికన్నా పెద్ద నోటు 5 లక్షల డాంగ్‌లది. విలువ మన డబ్బుల్లో దాదాపు 1,700. చిక్కల్లా దాని రంగుతోనే. అదీ నీలమే, 20 వేల డాంగ్‌ల నోటూ నీలమే. రెండింటి మీదా ఆ దేశ స్వాతంత్ర్య నేత హో చి మిన్ బొమ్మే. రాత్రిపూట టాక్సీ దిగే హడావుడిలో 70 రూపాయల విలువైన 20 వేల నోటు అనుకుని పెద్దది చేతిలో పెడితే పాతిక రెట్లు పోయినట్టే! సున్నాలు లెక్కపెట్టే తీరిక లేకపోతే వెనక్కి తిప్పండి. హోయి ఆన్ పట్టణంలోని పైకప్పున్న పాత వంతెన కనిపిస్తే అది 20 వేలది. పెద్దనోటు వెనక కిమ్ లియెన్ ఊళ్లోని హో చి మిన్ చిన్నప్పటి ఇల్లుంటుంది. ఆ నోటు పొడవు కూడా ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ.

రెండూ ప్లాస్టిక్ నోట్లే. కొత్తవైతే ఒకదానికొకటి అతుక్కుంటాయి, వేళ్లతో రుద్ది మరీ ఇవ్వాలి.

హోటల్ బోర్డు మీద నూడుల్స్ సూప్ '45కె' అని ఉంటే 45 వేలని అర్థం. కంగారు పడకండి, మన లెక్కలో 150 రూపాయలే.