మీకు తెలుసా? అదిరితేనే రాలే పుప్పొడి

పాపాఘ్ని నది పక్కనున్న కమలాపురంలో ఏప్రిల్ ఎండకు పెరటి టమాటా పూత రాలిపోతోందా? పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని పిందె సరిగా పట్టదు.

పిందె పట్టాలంటే పుప్పొడి రాలడమూ ముఖ్యమే. టమాటా పువ్వులోనే ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. పుప్పొడి మాత్రం మధ్యనున్న పసుపు గొట్టంలో దాగి, అదిరితేనే బాగా రాలుతుంది. ఆ అదురు పుట్టించడం తేనెటీగకు చేతకాదు, నల్ల తుమ్మెదకు వచ్చు! అందుకే తుమ్మెదను తరమకండి. అది రాని మిద్దెమీద ఉదయంపూట పూలగుత్తి కాడను వేలితో మెల్లగా తట్టండి.

ఇక కొమ్మల సంగతి: తీగరకాల్లో ఆకు చంకలో వచ్చే పిలకలను బెత్తెడు ఎదగకముందే గిల్లేయండి. పొదరకాల్లో గిల్లితే కాపు తగ్గుతుంది. మన ఎండలకు కాయలపై నీడనిచ్చే ఆకులు మాత్రం తీయొద్దు. తీస్తే కాయ మీద తెల్లమచ్చలు పడతాయి. నేలకు తగిలే ఆకులు తుంచితే చాలు.