గడువు దాటిన అప్పీలు

నల్లరేగడి చేలలో పత్తితీతయు మిరపకోతయు ముగిసి, కల్లములలోని కాయ గుంటూరు యార్డునకు చేరిన పిమ్మటఁగాని మన ప్రాంతపు రైతునకు పాతకాగితముల జోలికి పోవుటకు తీరిక చిక్కదు. అట్టి తీరికలో తండ్రినాటి తీర్పొకటి బయటపడినచో, దానిమీద ఇప్పుడైనను పైకోర్టునకు పోవచ్చునా యను ప్రశ్న సహజముగనే పుట్టును.

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 8వ తేదీని చెప్పిన సమాధానము మన గుంటూరు జిల్లా వ్యాజ్యముననే వెలువడినది. తీర్పులో గుంటూరు జిల్లా గండ్లూరుగా పేర్కొనబడిన గ్రామమున, తెలుగుగంగ పథకమునకై 1989లో ప్రభుత్వము భూములు సేకరింపఁగా, పరిహారము చాలదని పదునాఱుగురు హక్కుదారులు కోర్టు కెక్కిరి. వ్యాజ్యము నడుచుచుండఁగనే వారిలో ముగ్గురు కాలధర్మము నొందిరి. వారి వారసులను కక్షిదారులుగా చేర్చినవారు లేరు. 1999 సెప్టెంబరు 24న వ్యాజ్యము కొట్టివేయఁబడెను. మృతులలో ఒకరి వారసులు మాత్రము 2015లో హైకోర్టు నాశ్రయించిరి. అప్పటికి గడువు మీఱి 5,659 దినములైనది. ఆడపడుచు అత్తవారింట నుండుటచే ఈ వ్యవహారమే యెఱుఁగదనుట వారు చెప్పుకొన్న కారణము. హైకోర్టు దానిని అంగీకరింపలేదు, సుప్రీంకోర్టును అంగీకరింపలేదు.

లిమిటేషన్ చట్టము 5వ సెక్షను ఆలస్యమును మన్నించుట కవకాశ మిచ్చుచున్నది గాని, తగిన కారణము చూపవలయును. కారణము తగినదా కాదా యని తూఁచునపుడు న్యాయస్థానము దావాలోని బలమును చూడదు. హక్కు ఎంత గట్టిదైనను, గడువు గడచిన వెనుక దానిని సాధించుకొను మార్గము మూసికొనిపోవును. మెట్టినింటనున్న కూఁతునకు పుట్టింటి వ్యాజ్యమును గూర్చి చెప్పువారు లేకపోవుట మన పల్లెలలో సామాన్యమే. ఆమెయెడల నాకు కనికరము కలదు. అయినను, పదునైదేండ్లు కదలని తీర్పును నమ్మి ఇతరులు తమ వ్యవహారములు నడుపుకొందురుగదా! లోపము మొదట జరిగినది వారసులను చేర్పని నాఁడే. కక్షిదారు మరణించిన తొంబది దినములలో వారసులను చేర్ప దరఖాస్తు పెట్టవలయును. మరణవార్త తెలిసిన ప్లీడరు దానిని కోర్టునకు తెలియఁజేయవలయును.

తీర్పు వచ్చిన వెంటనే నకలునకు దరఖాస్తు పెట్టుట రైతు స్వయముగ చేసికొనఁదగిన పని. ఆ నకలు మీఁద దరఖాస్తు పడిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ వేసి యుండును. నకలు సిద్ధమగుటకు పట్టిన కాలమును అప్పీలు గడువునుండి తీసివేయుదురు. ఈ తేదీలను చదువకుండ కాగితమును మడిచి పెట్టెలో దాఁచుట మనవారి అలవాటు.

మోసముచే సంపాదించిన తీర్పు సంగతి వేఱు. విశాఖపట్టణపు భూముల వ్యాజ్యమున 2007లో సుప్రీంకోర్టు, కోర్టును వంచించి పొందిన ఉత్తరువు ఆదినుండియు చెల్లదనియు, దానిని ఏ కోర్టునందైనను ఎప్పుడైనను ప్రశ్నింపవచ్చుననియు తీర్పు చెప్పినది. అయితే ఈ పేరు చెప్పి ప్రతి పాతతీర్పును తిరుగఁదోడరాదు. ఎవరు, ఏనాఁడు, ఏ కాగితమున వంచించిరో వాదపత్రముననే వివరముగ వ్రాయవలయునని సివిల్ ప్రొసీజర్ కోడు ఆఱవ ఆర్డరు నిర్బంధించుచున్నది.