నడుము నొప్పి – ట్రాక్టరు సీటు

నల్లరేగడి నేల వేసవిలో నెర్రెలు విచ్చును, వానకు బంకవలె అంటుకొనును. దున్నిన పిదప ఎండిన గడ్డలు రాళ్ళవలె గట్టిపడును. పెదనందిపాడు, ప్రత్తిపాడు మొదలుకొని నరసరావుపేట వైపునకును, ఇటు ప్రకాశం జిల్లాలో ఉండి 2022లో బాపట్ల జిల్లాకు చేరిన పర్చూరు, ఇంకొల్లు వైపునకును ప్రత్తి, మిరప పండు నేల ఇట్టిదే. ఈ చేల సాళ్ళ నడుమ గుంటక తోలుటకు పూర్వము ఎడ్ల జత ఉండెడిది. ఇపుడు పదిహేను, ఇరువది అశ్వశక్తి గల చిన్న ట్రాక్టరు ఆ పని చేయుచున్నది. పని త్వరగా తెమలుచున్నది గాని, ఎడ్ల వెనుక నడచిన వానికి లేని నడుము నొప్పి దానిపై కూర్చున్న వానికి వచ్చుచున్నది.

నా యొద్దకు వచ్చు ట్రాక్టరు తోలువారు తొలుత అడుగునది "ఏ నూనె రాయమందురు?" అని. నేను తొలుత అడుగునది "మీ సీటు ఎట్లున్నది?" అని. కొందరు నవ్వుదురు. వైద్యునకు సీటుతో ఏమి పని యని వారి భావము. కాని ఇది నేను కల్పించిన ప్రశ్న కాదు. చరక సంహిత చికిత్సాస్థానము 28వ అధ్యాయమున వాతము ప్రకోపించుటకు చెప్పిన కారణములలో సుఖము లేని పడక, సుఖము లేని ఆసనము ఉన్నవి. మలమూత్ర వేగములను ఆపుకొనుట, ఏనుగు, ఒంటె, గుర్రము, వేగముగా పోవు వాహనముల నుండి పడుట కూడ అచ్చటనే చెప్పబడినవి. సీటు దిగుటకు బద్ధకించి మూత్రము ఆపుకొని గంటల తరబడి తోలువాడు ఇందులో ఎన్నింటిని ఒక్క దినమున కూడబెట్టుకొనుచున్నాడో లెక్క వేసికొనవచ్చును. కారణమును తొలగించుటయే చికిత్సలో మొదటిదని మన శాస్త్రము. దీనినే నిదాన పరివర్జనము అందురు. కారణముపై కూర్చుండి నూనె రాసికొన్న ఫలమేమి?

కుదుపు నడుమును ఎట్లు చెరచునో కొంచెము వివరింతును. కారుకు చక్రముల వద్ద స్ప్రింగులుండును. చిన్న ట్రాక్టరు వెనుక ఇరుసుకు అవి లేవు, టైరులోని గాలియే దానికి స్ప్రింగు. అందుచేత గడ్డలపై పోవునపుడు బండి సెకనుకు సుమారు 2 నుండి 4 మార్లు పైకి క్రిందికి ఎగురును. కూర్చున్న మనిషి మొండెము సెకనుకు 4 నుండి 6 మార్లు వచ్చు కదలికకు అన్నిటికంటె ఎక్కువగా ఊగును. ఉయ్యాలను దాని ఊపు కనిపెట్టి త్రోసిన చిన్న త్రోపుకే పెద్ద ఊపు వచ్చును గదా, ఇదియు అట్టిదే. వెన్నుపూసల నడుమ నుండు మెత్తని బిళ్ళలకు పెద్దవారిలో రక్తనాళములు దాదాపు లేవు. చుట్టునుండి ఊరు ద్రవమే వాటికి ఆహారము. గంటల తరబడి కదలక కూర్చుండి, పైనుండి కుదుపు తినుచుండిన ఆ బిళ్ళలు అలసిపోవును, వాటిని నిలుపు కండరములు బిగిసిపోవును. ఇది ముదిరి నొప్పి పిరుదు నుండి కాలిలోనికి దిగినచో గృధ్రసి యందురు.

ఐరోపా సమాఖ్య 2002లో చేసిన ఒక శాసనము, ఎనిమిది గంటల పనిదినమునకు శరీరమునకు తగులు కుదుపు సెకను వర్గమునకు 0.5 మీటరు దాటినచో యజమాని తగ్గించు ఏర్పాటు చేయవలెననియు, 1.15 మీటర్లు ఎన్నడును దాటరాదనియు విధించినది. మన చేలలో ఆ కొలత తీయువారు లేరు. బండి కొన్నది ఒకరు, జీతమునకు తోలునది మరియొకరు అయినపుడు సీటు సంగతి అసలే పట్టదు. కూర్చొననివానికి కుదుపు తెలియదు! సీటు మార్చుటకు కొన్ని వేల రూపాయలగునని వెనుకాడు యజమానులు, తోలువాడు పదునున్న వారములో మంచము పట్టినచో కలుగు నష్టమును కూడ ఆలోచింపవలెను.

సాధారణముగా చేయు పని సీటుపై గోనెసంచి మడిచి వేయుట, లేదా ఇంటి ప్రత్తితో మెత్త కుట్టించుట. ఎండకు కాగిన రెక్సిన్ తగలకుండుటకు, చెమట పీల్చుటకు ఇది మంచిదే. అంతకుమించి ఆశింపరాదు. దూది కొలది దినములలో అణగి పలకవలె అగును. మందమైన ఫోమ్ వేసినవారును కలరు. ఫోమ్ ఇంజను సన్నని అదురును మ్రింగును, బరువును పిరుదుల క్రింద పరచును. కాని గడ్డల మీది పెద్ద కుదుపు దానికి లొంగదు, ఒక్కొక్కప్పుడు పెరుగును కూడ. పైగా సీటు ఎత్తు పెరిగి క్లచ్చి అందక, మనిషి అంచున కూర్చుండును.

పెద్ద కుదుపును తగ్గించునది సస్పెన్షన్ సీటు. దాని అడుగున కత్తెరవలె ముడుచుకొను ఇనుప చట్రము, స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఉండును. స్ప్రింగు ఎంత మెత్తనిదో తెలిసికొనుటకు సులువైన పరీక్ష కలదు. మనిషి కూర్చొనగానే సీటు సుమారు 11 సెంటీమీటర్లు, అనగా నాలుగు అంగుళములకు కొంచెము పైగా, దిగినచో దాని సహజమైన ఊపు సెకనుకు ఒకటిన్నర మారు. అట్టి స్ప్రింగు సెకనుకు రెండు మార్లకు మించిన కుదుపును తగ్గించును. 6 సెంటీమీటర్లే దిగినచో ఊపు సెకనుకు రెండు మార్లగును. అది మూడు మార్లు దాటిన కుదుపునే ఆపగలదు. రెండు సెంటీమీటర్లు మాత్రమే దిగు సీటుపై "సస్పెన్షన్" అని వ్రాసియున్నను నమ్మవద్దు. షాక్ అబ్జార్బర్ లేని స్ప్రింగు మనిషిని ఎగురవేయును గాని కాపాడదు.

చిన్న ట్రాక్టరులో చిక్కు ఎత్తు చాలకుండుట. సీటు నేరుగా గేరుపెట్టె పైన, రెండు మడ్‌గార్డుల నడుమ ఇరికియుండును. కనుక కొనుటకు ముందే పాత సీటు బోల్టుల మధ్య దూరము, మడ్‌గార్డుల మధ్య వెడల్పు, సీటు నుండి స్టీరింగుకు, క్లచ్చికి గల దూరము టేపుతో కొలిచి కాగితముపై వ్రాసికొని పోవలెను. క్లచ్చి పూర్తిగా త్రొక్కినపుడు మోకాలు కొంచెము వంగియుండవలెను, నడుము వెనుక ఆనిక వదలరాదు. సీటు పూర్తిగా దిగినపుడు హైడ్రాలిక్ మీటకు తగులరాదు. బరువు సరిచేయు మర ఉన్న సీటునే ఎన్నుకొనుడు. తొంబది కిలోల యజమానికి బిగించిన స్ప్రింగు ఏబదియైదు కిలోల జీతగానికి రాయివలె నుండును. మనిషి మారినపుడెల్ల దానిని త్రిప్పి, కూర్చున్నపుడు సీటు తన ప్రయాణములో సగము వద్ద నిలుచునట్లు చేయవలెను. క్రొత్త బండి కొనువారు మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో 1955లో నెలకొల్పిన కేంద్ర వ్యవసాయ యంత్ర పరీక్షా సంస్థ నివేదికను అడిగి చూడవచ్చును. అందు సీటు వద్ద కొలిచిన అదురు కూడ ఉండును.

ఖర్చు లేని ఉపాయమొకటి కలదు. మిరప బస్తాలతో ట్రక్కు లాగి గుంటూరు యార్డుకు పోవుటకు టైరులో గాలి గట్టిగా నింపుదురు. మరునాడు అదే గాలితో చేలో దిగుదురు. కంపెనీ పుస్తకములో పొలము పనికి చెప్పిన మేరకు తగ్గించినచో కుదుపు ఆనాడే తగ్గును. మొక్క తెగునేమో యని మాటిమాటికి వెనుకకు మెలితిరిగి గుంటకను చూచుట నడుమునకు కుదుపంత చెరుపు. మడ్‌గార్డుకు పెద్ద అద్దము బిగించినవారికి ఈ మెలిక చాల తగ్గును. గంటకొకమారు దిగి, మూత్రవిసర్జన చేసి, చేను గట్టు వెంట నాలుగు అడుగులు నడువవలెను.

ఇక మందులు. రాత్రి గోరువెచ్చని నువ్వుల నూనె నడుముకు, పిరుదులకు మృదువుగా పావుగంట మర్దించి, వావిలాకు వేసి మరిగించిన నీటితో స్నానము చేయవలెను. బిగుతు ఎక్కువైనచో వేయించిన ఇసుకను గుడ్డలో మూటగట్టి, చేతిపై వేడి చూచుకొని కాపవలెను. మధుమేహముచే స్పర్శ మందగించినవారు కాపడము మానవలెను. చెంచా శొంఠిపొడి గ్లాసు నీటిలో సగమగు వరకు మరిగించి, వడగట్టి, చెంచా ఆముదము కలిపి రాత్రి త్రాగుట గృధ్రసికి పాత యోగము. మరునాడు విరేచనమగును గనుక ఆ దినము చేలోనికి పోవు పని పెట్టుకొనరాదు. గర్భిణులు, కడుపునొప్పి గలవారు దీనిని తీసికొనరాదు. మిరపలోని కాప్సైసిన్‌తో నొప్పి లేపనములు చేయుదురని విని చేలోని కాయ నూరి పట్టు వేసికొన్నచో ఒళ్ళు కాలి బొబ్బలెక్కును.

కాలు తిమ్మిరెక్కి బలము తగ్గినను, పాదము పైకి లేవకున్నను, మలమూత్రముల పట్టు తప్పినను, తొడల నడుమ స్పర్శ పోయినను, నొప్పితో జ్వరము వచ్చినను నూనెలతో కాలము గడుపక ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.