సైలెన్సర్ మార్చిన బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుందా?

ఉయ్యాలవాడ అంటే 1846 నాటి రేనాటి తిరుగుబాటు గుర్తొస్తుంది. ఇవాళ ఆ ఊరి నుంచి ఆళ్లగడ్డకో కోయిలకుంట్లకో పోయే దారిలో సైలెన్సర్ మార్చిన బుల్లెట్లు, రీమ్యాప్ చేయించిన (అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్పించిన) కార్లు కూడా కనిపిస్తాయి. బండి మీద ప్రేమతో సొంత డబ్బు ఖర్చుపెట్టే కుర్రాళ్లకు ఈ సంగతులు తెలిసుండాలి.

రోడ్డు పక్కన ఆగే పొల్యూషన్ వ్యాన్‌లోని యంత్రానికి శబ్దంతో పనే లేదని తెలుసా? పెట్రోలు బండి పొగలో అది కార్బన్ మోనాక్సైడ్, మండకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు ఎంతున్నాయో చూస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో పొగ సంగతి 115వ నియమంలో ఉంటే, సైలెన్సర్, శబ్దాల సంగతి 120వ నియమంలో ఉంది. కాబట్టి చేతిలో సర్టిఫికెట్ ఉన్నా చప్పుడుకు కేసు రాయొచ్చు.

అసలు చిక్కు చప్పుడు కాదు. కొత్త బైకుల్లో చాలావాటికి క్యాటలిటిక్ కన్వర్టర్ సైలెన్సర్‌లోనో, దాని ముందున్న పైపులోనో ఉంటుంది. తేనెపట్టులాంటి సన్నటి గదులు, వాటి గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. విషవాయువును విరగ్గొట్టేది ఆ పూతే. పాత సైలెన్సర్ ఊడదీసి పాత ఇనుము కింద అమ్మేస్తే, బండిలోని అతి విలువైన లోహాలు దాంతోపాటే పోయినట్టు.

నిలకడగా ఉన్నప్పుడు బీఎస్-4 పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం మించకూడదు. బీఎస్-2 కంటే ముందటి కార్లకు 3 శాతం దాకా చెల్లేది. పది రెట్ల తేడా! పాత కారును చూసుకుని కొత్త కారు మీద ప్రయోగాలు చేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

క్యాటలిస్ట్ బాగా పనిచేయాలంటే కిలో పెట్రోలుకు ఇంచుమించు 14.7 కిలోల గాలి కలవాలి. అందుకే క్యాటలిస్ట్ ఉన్న బీఎస్-4 కార్లకు ఇంజిన్‌ను 2500 ఆర్‌పీఎం దగ్గర తిప్పి, ఆ పాళ్లు 3 శాతానికి మించి అటూ ఇటూ పోకుండా ఉన్నాయా అని చూడాలని నియమం. రీమ్యాప్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే పెట్రోలు పెంచి, మామూలు నడకను ముట్టుకోకపోతే యంత్రం దగ్గర గట్టెక్కొచ్చు.

అయితే పరీక్ష పాసవడం వేరు, చట్టం ఒప్పుకోవడం వేరు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. 182ఏ సెక్షన్ కింద మార్పు ఒక్కొక్కటికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కాలుష్య ప్రమాణాలు తప్పితే జరిమానా 10,000 దాకా ఉంది, 3 నెలలు లైసెన్సూ పోతుంది. సీఎన్‌జీ కిట్‌లాంటివి అనుమతి తీసుకుని బిగించుకుంటే చిక్కులేదు.

మనవాళ్లు వేలల్లో స్థిరపడ్డ డల్లాస్ వైపు కథ ఇంకో రకం. టెక్సాస్‌లో సొంత కార్లకు భద్రతా తనిఖీ 2025 జనవరి 1తో పోయినా, డల్లాస్, కొలిన్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష పోలేదు. అక్కడ కారు కంప్యూటర్‌కే తీగ తగిలించి అడుగుతారు. హెచ్చరిక లైటు ఆర్పాలని ముందురోజు బ్యాటరీ తీగ పీకితే లోపలి స్వీయ తనిఖీలన్నీ చెరిగిపోయి, సిద్ధంగా లేదని కారును వెనక్కి పంపేస్తారు. కొన్ని రోజులు మామూలుగా నడిపితేనే అవి మళ్లీ పూర్తవుతాయి.

కాలిఫోర్నియాది మరీ గట్టి పట్టు. 2021 జూలై నుంచి కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మారిందేమో కూడా చూస్తున్నారు. కానీ ఆ రాష్ట్రం దారి మూసేయలేదు. ఎయిర్ రిసోర్సెస్ బోర్డు పరీక్షించి ఆమోద సంఖ్య ఇచ్చిన విడిభాగాలు బిగించుకోవచ్చు. ఇంజినే మార్చినవాళ్ల కోసం రిఫరీ కేంద్రాలున్నాయి. కొత్త ఇంజిన్ కారు కంటే పాతది కాకూడదు, దాని కాలుష్య పరికరాలన్నీ దాంతోపాటే రావాలి. మోజునూ గాలినీ రెండింటినీ కాపాడే ఇలాంటి ఆమోద పద్ధతి మనకూ రావాలని నా కోరిక.

చివరిగా ఒక్క సంగతి. క్యాటలిస్ట్ దాదాపు 250 నుంచి 300 డిగ్రీల వేడెక్కితేగానీ పని మొదలుపెట్టదు. చల్లటి బండిని స్టార్ట్ చేసి వెంటనే పరీక్షకు పెడితే మంచి బండైనా తప్పొచ్చు. ఉయ్యాలవాడ నుంచి ఆళ్లగడ్డ దాకా నడిపి, ఇంజిన్ ఆపకుండా వ్యాన్ దగ్గర నిలబెడితే ఆ వేడి చాలు.