కోన్యాక్ పీపాలో పెరిగిన ఫ్రెంచ్ సింగిల్ మాల్ట్: విస్కీయా, బ్రాందీయా?

యానాంలో చాలా కుటుంబాలకు ఫ్రాన్స్‌లో బంధువులున్నారు. వారు సెలవులకు తెచ్చే సీసాలలో కొన్నిటి మీద 'సింగిల్ మాల్ట్', 'కోన్యాక్' అనే మాటలు రెండూ ఉంటాయి. ఇది విస్కీయా, బ్రాందీయా అని సభ్యులు అడుగుతున్నందున ఈ వివరం ఇస్తున్నాము.

ఇది విస్కీయే. సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీతో ఒకే డిస్టిలరీలో తయారైనది. ఐరోపా చట్టం ప్రకారం విస్కీ కనీసం 3 ఏళ్ళు చెక్క పీపాలో ఉండాలి, ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. కోన్యాక్ అయితే ద్రాక్ష వైనును రాగి బట్టీలో రెండుసార్లు కాచి తీసిన బ్రాందీ. పశ్చిమ ఫ్రాన్స్‌లో కోన్యాక్ పట్టణ ప్రాంతంలో తయారైనదానికే ఆ పేరు చెల్లుతుంది.

మరి ఈ రెండూ ఎలా కలిశాయి? నిబంధన ప్రకారం కోన్యాక్ కాచే పని మార్చి 31కల్లా ముగియాలి. మళ్ళీ ద్రాక్ష కోతల దాకా బట్టీలు ఖాళీ. బార్లీకి ఆ గడువు లేదు. పాత పీపాలూ అక్కడే దొరుకుతాయి. బ్రెన్ అనే విస్కీని మొదట కొత్త లిమూజాన్ ఓక్ పీపాల్లో, తరువాత కోన్యాక్ పీపాల్లో ఉంచుతారు. చెక్కలో ఇంకిన కోన్యాక్ గుణం మెల్లగా విస్కీకి పడుతుంది.

రుచి చూడదలచినవారు చిన్న గ్లాసులో కొద్దిగానే పోసుకోవాలి. ముందు వాసన చూడండి. బ్రెన్‌లో మగ్గిన అరటిపండు, వనిల్లా, మాడిన పంచదార పాకం వాసనలు తెలుస్తాయి. కొన్ని స్కాచ్ విస్కీల్లో ఉండే పొగ వాసన ఇందులో ఉండదు. చిన్న గుక్కను నాలుక మీద కాసేపు నిలపండి. తరువాత నాలుగు చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ చూడండి, తేడా తెలుస్తుంది. ఐసు, కోలా పోస్తే ఈ వాసనలు అణగిపోతాయి.

ఒక ముఖ్యమైన మాట. జలుబుకూ బాలింతకూ చెంచాడు బ్రాందీ పట్టే అలవాటు మన ఇళ్ళలో పాతదే. కోన్యాక్ పేరు చూసి పెద్దలు దీన్నీ మందనుకోవచ్చు. బ్రాందీ అయినా, విస్కీ అయినా జలుబుకు మందు కాదు. తాగగానే వెచ్చగా అనిపించినా, చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని ఒంటి వేడి బయటికి పోతుంది. పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు చుక్క కూడా ఇవ్వవద్దు. రోజూ మందులు వాడేవారు డాక్టరును అడగనిదే ముట్టుకోవద్దు.

విదేశం నుంచి వచ్చేవారికి సుంకం లేకుండా అనుమతించేది 2 లీటర్లే. యానాం పొలిమేర దాటిస్తే ఆంధ్ర ఎక్సైజ్ నిబంధనలు వర్తిస్తాయి. కొన్న రసీదు దగ్గర ఉంచుకోవాలని మనవి.